నిద్రాణమైన గణనశక్తి

1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలయందు బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము దేశము ముందు మూడు కార్యములను ఉంచెను. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్పవలెను. కాంగ్రెసున కోటిమంది సభ్యులు చేరవలెను. జూన్ నెల ముగియులోపల 20 లక్షల రాట్నములు తిరుగవలెను. ధనమును, జనమును కోరుట ఏ పక్షమునకైనను సహజమే. రాట్నమును కోరుట మాత్రము అపూర్వము. ఒక్క రాట్నము ఒక్క దినమున వడకు నూలెంత? మిల్లుయంత్రముతో పోల్చినచో అది లెక్కలోనికి రాదు. ఆ మాట చెప్పి నవ్వినవారు ఆనాడును ఉండిరి. అయినను, వ్యర్థముగా గడచిపోవు ఘడియలను ఇంటింటను ఏరి, ఒక్కచోట కూర్చి, దేశకార్యముగా మార్చవచ్చునను సత్యమును ఆ తీర్మానము సామాన్యజనులకు బోధించెను. ఆ బోధ మన కృష్ణాతీరముననే జరిగినదను సంగతిని మనము మరువరాదు.

ఆ తీర్మానము జరిగిన నగరముననే నేడు వేరొక జాతి యంత్రములు పనిలేక పడియున్నవి. బాలురు ఆటలాడుకొనుటకై తల్లిదండ్రులు కొనియిచ్చిన కంప్యూటర్లలోను, పెండ్లి వీడియోలను కూర్చు స్టూడియోలలోను, ఇండ్ల నమూనాలను గీయు ఇంజనీర్ల కార్యాలయములలోను, కానూరు, వడ్డేశ్వరము, గుడ్లవల్లేరు, మైలవరము మొదలగు చోట్లగల ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలోను గ్రాఫిక్స్ కార్డులను సాధనములు కలవు. ఒక్కొక్కటి వేలరూపాయలు, కొన్ని లక్షరూపాయలకు మించి వెలగలవి. ఇందు అధికభాగము దినమునకు రెండుమూడు గంటలు పనిచేసి, తక్కిన ఇరువదియొక్క గంటలు నిద్రించుచున్నవి. ఈ నిద్రించు బలమును శాస్త్రపరిశోధనకై ఉచితముగా ఇచ్చినవారు లోకమున లక్షలకొలది ఉన్నారు. మన డెల్టావాసులు ఆ పంక్తిలో కూర్చుండవలెనా, కూర్చున్నచో ఏ నియమముతో కూర్చుండవలెను, అను ప్రశ్నను నేడు పాఠకుల ముందుంచుచున్నాము.

ముందుగా ఈ కార్డు స్వభావము తెలియవలెను. కంప్యూటరు తెరయందు సామాన్యముగా 20,73,600 చుక్కలుండును. ఆ చుక్కలలో ప్రతిదాని రంగును సెకనునకు అరువది పర్యాయములు నిర్ణయింపవలెను. ప్రతి చుక్కకును లెక్క ఒక్కటే. అంకెలు మాత్రము వేరు. ఈ పనికై పుట్టినదే గ్రాఫిక్స్ కార్డు. నాట్లవేళ మన పొలములను చూచినవారికి దీని మర్మము సులభముగా బోధపడును. వరుసగా నిలిచిన ముప్పదిమంది కూలీలు ఒకే పనిని, ఒకే కదలికతో, ఎవరి జాగాలో వారు నాటుచు వెనుకకు నడతురు. చావడిలో కూర్చుండి చిక్కుదావాను విప్పు కరణము పని అట్టిది కాదు. అందు ఒక్కొక్క అడుగునను ఆలోచన మారును. కంప్యూటరులోని మూలప్రాసెసరు ఆ కరణము వంటిది. గ్రాఫిక్స్ కార్డు నాట్లగుంపు వంటిది. దానియందు వేలకొలది చిన్న గణకులు ఏకకాలమున ఒకే లెక్కను వేరువేరు అంకెలపై చేయుచుందురు. ప్రకృతిశాస్త్రములలోని అనేక లెక్కలు ఈ నాట్లపనికి సరిపోవునవే యని శాస్త్రజ్ఞులు గ్రహించినప్పుడు ఆటవస్తువు పరిశోధనాసాధనమయ్యెను.

సామాన్యుల కంప్యూటర్ల తీరికను యాచించు పద్ధతి కార్డులకంటె ముందుదే. 1999 మే నెలలో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమువారు సెటీ ఎట్ హోమ్ అను ప్రయత్నమును ప్రారంభించిరి. ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములలో బుద్ధిజీవుల సంకేతములుండునేమో యని వెదకుట దాని ఉద్దేశము. లక్షలకొలది గృహస్థులు అందు చేరిరి. 2020 మార్చి 31 నాటికి వారు పని పంచుటను నిలిపిరి. పరలోక సంకేతమేదియు దొరకలేదు. కాని ఆ ప్రయత్నము వ్యర్థము కాలేదు. ఆ అనుభవమునుండియే, ఏ విద్యాపీఠమైనను తన గణనమును ప్రజలకు పంచి, ఫలితములను రాబట్టుకొనుటకు తగిన బాయింక్ అను సాఫ్ట్‌వేర్ వెలువడెను. దానిని ఎవరైనను మూల్యము లేకుండ గైకొనవచ్చును. ఈ సంగతిని పాఠకులు మనసున నిలుపుకొనవలెను. చివర దీని అవసరము మనకు కలుగును.

రెండవ ఉదాహరణము వైద్యమునకు సంబంధించినది. మన దేహములోని సమస్త కార్యములను నడుపునవి ప్రోటీనులు. ప్రతి ప్రోటీనును పూసలదండవలె పుట్టి, తనంతట తాను ముడుచుకొని ఒక రూపమును పొందును. ఆ దండ ఏ కోణములయందు వంగగలదో, ఏ కోణములయందు వంగజాలదో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయమునందు జి. ఎన్. రామచంద్రనును, ఆయన సహచరులును ఒక పటముగా గీసి లోకమునకు చూపిరి. ఆ పటము నేటికిని ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. దండ ముడుచుకొను తీరును, ముడుచుకొనిన పిదప కదలు తీరును కంప్యూటరున లెక్కించుటకై 2000 సంవత్సరము అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఫోల్డింగ్ ఎట్ హోమ్ వెలసెను. 2006లో వీరే గ్రాఫిక్స్ కార్డులను ఈ పనిలోనికి దింపిరి.

ఈ లెక్క ఎంత పెద్దదో కొంచెము విచారింతము. పరమాణువుల కదలికను తప్పులేక పట్టుకొనవలెనన్న కాలమును మిక్కిలి సూక్ష్మముగా తునకలు చేయవలెను. రెండు ఫెమ్టోసెకన్ల తునక సామాన్యము. ప్రోటీను జీవితములో ఒక మిల్లీసెకను గడచుటకు అట్టి తునకలు 50,000 కోట్లు కావలెను. ప్రతి తునకయందును వేలకొలది పరమాణువులు ఒకదానిపై నొకటి చూపు ఆకర్షణ వికర్షణములను మరల లెక్కింపవలెను. ఇంత పనిని ఒక్క యంత్రమునకు అప్పగించిన, పరిశోధకుని జీవితము ముగియును గాని లెక్క ముగియదు. కావున వారు దానిని వేలకొలది చిన్న ప్రయాణములుగా విభజించి, ఒక్కొక్క ప్రయాణమును ఒక్కొక్క గృహస్థునకు పంపుదురు. వచ్చిన తునకలను గణాంకశాస్త్రముచే అతికి పూర్ణకథను తెలిసికొందురు.

2020లో కోవిడ్ మహమ్మారి లోకమును ముంచెత్తినపుడు ఈ పద్ధతి సత్తువ బయల్పడెను. అంతకుముందు ముప్పదివేల ప్రాంతమున ఉన్న యంత్రములు కొన్ని వారములలో పదిలక్షలను దాటెను. ఆ కూటమి బలము సెకనునకు పదిలక్షల లక్షకోట్ల లెక్కలను మించెను. ఇంగ్లీషున దీనిని ఎక్సాఫ్లాప్ అందురు. ప్రపంచములోని ఏ ప్రభుత్వ సూపర్ కంప్యూటరును అప్పటికి ఆ మెట్టు ఎక్కలేదు. అధికారిక పట్టికలో అమెరికావారి ఫ్రాంటియరు 2022 మే నెలలో మాత్రమే ఎక్కెను. రాజ్యములు వేలకోట్లు వెచ్చించి రెండేండ్ల పిమ్మట సాధించినదానిని గృహస్థులు తమ ఇంటి యంత్రములతో ముందుగానే సాధించిరి. వైరసు ప్రోటీనులు మొత్తము మీద సెకనులో పదవవంతు కాలము కదలిన తీరును వారు లెక్కించి, ఔషధము పట్టుకొనుటకు వీలైన 50కి పైబడిన రహస్యస్థానములను కనుగొని, 2021లో ప్రకటించిరి. ఆ వివరములను ఎల్లరకు తెరచియుంచిరి. పేటెంటు లేని మందును కనుగొనుటకై నడచిన కోవిడ్ మూన్‌షాట్ అను కృషికిని ఈ కూటమియే లెక్కలు చేసిపెట్టెను.

కృత్రిమమేధ వచ్చినది గదా, ఇక ఈ శ్రమ యేల, యని ఎవరైన అడుగవచ్చును. ప్రోటీనుల రూపమును ఊహించు ఆల్ఫాఫోల్డ్ నిర్మాతలకును, ప్రోటీనులను నూతనముగా రూపొందించిన డేవిడ్ బేకరునకును 2024లో రసాయనశాస్త్ర నోబెలు బహుమానము లభించిన మాట నిజము. కాని ఆల్ఫాఫోల్డ్ తెలుపునది ముఖ్యముగా నిలుకడగానున్న రూపమును. ఛాయాచిత్రమును చూచి మనిషి ముఖమును ఎరుగుదుము గాని, ఆతని నడకను ఎరుగజాలము. మందు పట్టుకొనవలసిన చోటు ఒక్కొక్కప్పుడు ఆ నడకలోనే క్షణమాత్రము తెరచుకొనును. దానిని చూచుటకు నేటికిని లెక్కయే శరణ్యము.

ఖగోళమునందును ఇట్లే జరిగినది. 2005లో ప్రారంభమైన ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ కూటమి 2010లో ఒక నూతన పల్సరు నక్షత్రమును కనుగొనెను. దానిని పట్టిన యంత్రములు అమెరికాలో ఒక దంపతులవి, జర్మనీలో ఒక గృహస్థునివి. గణితమునందు, 1996 నుండి గృహస్థుల కంప్యూటర్లతో మహాప్రధానసంఖ్యలను వెదకు గింప్స్ కూటమి 2024 అక్టోబరులో, రెంటిని 13,62,79,841 మారులు హెచ్చవేసి ఒకటి తీసివేయగా వచ్చు సంఖ్య ప్రధానసంఖ్యయని తేల్చెను. ఆ సంఖ్యయందు 4,10,24,320 అంకెలు కలవు. ఆ కూటమి గ్రాఫిక్స్ కార్డులచే కనుగొన్న మొదటి సంఖ్య యిదియే. అయితే ఆ కార్డులు ఇంటివి కావు. ఒక ఔత్సాహికుడు పెక్కుదేశముల డేటా కేంద్రములలో అద్దెకు గైకొన్నవి. చిన్నవారి రంగములోనికి పెద్దధనము ప్రవేశించుచున్నదనుటకు ఇదియొక సూచన. చిన్నవారు మేలుకొనవలసినదనుటకును ఇదియే హేతువు.

ఇంతవరకు గుణములను చెప్పితిమి. దోషములను దాచి ప్రజలను పిలుచుట పత్రికాధర్మము కాదు. మన ప్రాంతమున వినవచ్చు ఆక్షేపణలు నాలుగు కలవు. వానిని క్రమముగా విచారింతము.

మొదటి ఆక్షేపణ: మన విద్యుత్తును వెచ్చించి పరదేశపు ప్రయోగశాలలకు వెట్టిచాకిరి చేయుటయేల? ఇది స్వాభిమానమునుండి పుట్టిన ప్రశ్న, గౌరవింపదగినది. దీనికి ఉత్తరము భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమునందు కలదు. ఆయన అమెరికాలో శ్రమించెను. అచ్చటనే 1948లో తనువు చాలించెను. ఆయన నడపిన పరిశోధకబృందమునుండి వెలువడిన హెట్రజాను అను మందు బోదకాలు వ్యాధిపై ప్రయోగింపబడినది. బోదకాలు ఎవరి వ్యాధి? మన కోస్తా జిల్లాల పల్లెలను తరతరములుగా పీడించిన వ్యాధి. పరదేశమున ఆంధ్రుడు చేసిన కృషి ఆంధ్రదేశపు పల్లెకే మాత్రయై తిరిగివచ్చెను. విద్యకు సరిహద్దులు లేవు. ఫలితమును దాచువారే విద్యకు సరిహద్దులు గీయుదురు. కావున మన నియమము ఇట్లుండవలెను: ఫలితములను ఎల్లరకు తెరచియుంచు కూటములకే మన కార్డును ఇత్తము, దాచుకొను వ్యాపారులకు ఈయము.

రెండవ ఆక్షేపణ: కార్డే విదేశీయము గదా, ఇందు స్వదేశీ ధర్మమెక్కడ? ఈ మాటయందు సత్యము కలదు. రాట్నమును ఊరి వడ్రంగి చేయగలడు. గ్రాఫిక్స్ కార్డును మన దేశమున ఎవరును నేటికి చేయజాలరు. అమెరికా కంపెనీలు రూపమును కల్పింపగా తైవానులోని కర్మాగారములు దాని చిప్పులను పోతపోయుచున్నవి. కావున రాట్నముతో దీనిని పూర్తిగా సరిపోల్చుట అతిశయోక్తి యగును. కాని ఒక్క విషయమును గమనింపవలెను. విదేశీవస్త్రమును కొనకుండుట మన చేతిలోనుండెను. కార్డు మాత్రము ఇదివరకే మన ఇంట చేరి కూర్చున్నది. దానికై చెల్లించిన ధనము పోయినది. ఇక ఆ వస్తువును రెండుగంటల ఆటకే విడిచిపెట్టుదుమా, విద్యకును వినియోగింతుమా, అనునదే మన ముందున్న ప్రశ్న. క్రొత్త కార్డును ఈ పనికై కొనుమని మేము ఎవరికిని చెప్పము.

మూడవ ఆక్షేపణ ఖర్చును గూర్చినది. గృహస్థునకు ఇది ముఖ్యము. తీరికవేళ పని ఉచితమని చెప్పువారు సగము సత్యమునే చెప్పుచున్నారు. నిద్రించు కార్డు త్రాగు విద్యుత్తు స్వల్పము. పనిచేయు కార్డు 200 వాట్లను త్రాగవచ్చును. రాత్రి ఎనిమిదిగంటలు నడపిన 1.6 యూనిట్లు, నెలకు 48 యూనిట్లు. యూనిటుకు ఆరురూపాయలుగా లెక్కించినను 288 రూపాయలు. కంప్యూటరులోని తక్కిన భాగముల వాడుక దీనికి అదనము. ఈ అదనపు యూనిట్లు ఇంటిబిల్లును పైశ్లాబునకు త్రోసిన భారము ఇంకను పెరుగును. పైగా, ఆ విద్యుత్తు అంతయు చివరకు వేడియై గదిలోనే నిలుచును. చలిదేశములవారు ఈ వేడితో గదిని వెచ్చజేసికొని సంతోషింతురు. బెజవాడ రోహిణికార్తెలో ఈ వేడిని వెడలగొట్టుటకు ఏసీని నడపువాడు రెండుమారులు చెల్లించినవాడగును. ఇబ్రహీంపట్నములోని థర్మల్ కేంద్రము బొగ్గును కాల్చియే విద్యుత్తును ఇచ్చుచున్నదని కూడ మరువరాదు.

కావున యూరపువారి అలవాటును మనము యథాతథముగా అనుకరింపరాదు. మన శీతోష్ణములకు తగిన నియమము కావలెను. కార్తికము మొదలు మాఘము వరకు చల్లని నెలలలో రాత్రులు నడుపవచ్చును. ఎండలు ముదిరిన నెలలలో నిలిపివేయవలెను. కార్డు బలమును పదింట ఏడుపాళ్ళకు తగ్గించినచో విద్యుత్తు చాలవరకు తగ్గును గాని పని ఆ పాళ్ళలో తగ్గదు. కరెంటు పోయినపుడు ఇన్వర్టరుపై నడుపరాదు. ఇంటికప్పుపై సౌరఫలకములున్నవారు పగటివేళ, ఎండ మిగులుగా నున్నప్పుడు నడుపుట శ్రేష్ఠము. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకము క్రింద ఫలకములు వేయించుకొనిన గృహస్థులు ఈ కార్యమునకు అందరికంటె అర్హులు. నెలకు మూడువందలు భారమగు కుటుంబమువారు ఈ పనికి పూనుకొననక్కరలేదు. పిడికెడు బియ్యము తీయవలెనన్నను ముందు కుండలో బియ్యముండవలెను గదా!

నాలుగవ ఆక్షేపణ: ఇది ప్రభుత్వము చేయవలసిన పని, ప్రజలకేల? ప్రభుత్వము ఊరకున్నదని మేము అనము. 1980 దశకమున అమెరికా మనకు సూపర్ కంప్యూటరును ఈయ నిరాకరింపగా, 1988లో సీడాక్ సంస్థ పుట్టెను. 1991లో పరమ్ 8000 వెలువడెను. చిన్న ప్రాసెసర్లను పెక్కింటిని జతపరచి పెద్దయంత్రమును చేయుటయే దాని కిటుకు. 2015లో 4,500 కోట్ల రూపాయలతో జాతీయ సూపర్ కంప్యూటింగు ఉద్యమము, 2024 మార్చిలో 10,372 కోట్లతో కృత్రిమమేధా ఉద్యమము ఆమోదము పొందెను. 2025లో అమరావతికి క్వాంటము కేంద్రమును, విశాఖకు 1,500 కోట్ల డాలర్ల గూగుల్ డేటా కేంద్రమును ప్రకటించిరి. ఇవి వచ్చుట మంచిదే. కాని వానిలో మన పౌరునకు స్థానమేది? ఆయన భూమినిచ్చువాడు, నీరునిచ్చువాడు, పిమ్మట సేవలను కొనువాడు. పరిశోధనలో పాలివాడు కాడు. గుడివాడ బాలుడు తన గదిలోని కార్డు ఒక ప్రోటీను కదలికను లెక్కించుచున్నదని తెలిసికొనిననాడు, ఆ ప్రోటీను ఏమి, ఆ లెక్క యెట్టిది, అని అడుగకమానడు. ఆ ప్రశ్నను పుట్టించుట ఏ డేటా కేంద్రమునకును సాధ్యము కాదు. సెకనునకు జరుగు లెక్కలకంటె ఆ ఒక్క ప్రశ్న విలువ అధికమని మా దృఢవిశ్వాసము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కార్డును గణనమునకు పెట్టుట యనగానే మన యువకులలో కొందరికి నాణెముల వేట గుర్తునకు వచ్చును. ఆ ధనాశతో లోకమందంతటను కార్డుల వెలలు మిన్నంటెను. 2022 సెప్టెంబరు 15న ఇథీరియము నాణెము ఆ పద్ధతినే విడిచిపెట్టగా, అంతవరకు రేయింబవళ్ళు కాగిన కార్డులు పనిలేనివయ్యెను. ఆ లెక్కలవలన ఒక్క రోగము తగ్గలేదు. ఒక్క నక్షత్రము కనబడలేదు. సేవాగణనమును ఆ వేటతో కలుపరాదు. సేవ పేరుతో ధనమును ఆశచూపువారిని నమ్మరాదు. ఆయా విద్యాపీఠముల స్వంతస్థానమునుండియే సాఫ్ట్‌వేరును దించుకొనవలెను. కళాశాలయందును కార్యాలయమునందును యజమాని అనుమతి లేక ఈ పనికి పూనుకొనుట, ఎంత మంచి పనియైనను, అపరాధమే.

ఇక మా ముఖ్యమైన మాట. ఇతరుల యజ్ఞములలో సమిధలు వేయుటతో మనము తృప్తిపడరాదు. మన కష్టమునకు మన లెక్క కావలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచి, పదివేల ప్రాణముల వరకు హరించెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గండ్లుపడి విజయవాడలోని సింగ్‌నగరము, పాయకాపురము మున్నగు పేటలు దినములతరబడి నీటిలో నిలిచెను. అదేవేళ ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పారెను. ఏ వీథిలోనికి ఎన్నిగంటలలో ఎన్ని అడుగుల నీరు వచ్చునో ముందుగా తెలిసియున్నచో, వృద్ధులును బాలింతలును మేడలపై ఆకలితో పడవలకై ఎదురుచూడవలసిన దుఃస్థితి తగ్గియుండెడిది.

సేవాగణనము ఇందు ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు? రేపటి వానను నేడు చెప్పుట దీనిచేత కాదు. వాతావరణమును లెక్కించునపుడు ప్రతి గడియును పొరుగుగడితో క్షణక్షణము మాటలాడవలెను; వేరువేరు ఊళ్ళలోని యంత్రములు అంతవేగముగా మాటలాడజాలవు. ఆ పని సూపర్ కంప్యూటరుదే. కాని వరద ఇంకను రాకముందు, తీరికగా, 'ఇన్ని అంగుళముల వాన కురిసి, కట్ట ఇచ్చట తెగి, సముద్రమున పోటు ఇంతయున్నచో నీరు ఎక్కడికి పోవును?' అను ప్రశ్నను వేలవిధముల అడిగి చూడవచ్చును. ప్రతి ప్రశ్నయును స్వతంత్రము. ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంటి కార్డున లెక్కింపవచ్చును. నీటిపరుగును లెక్కించు సమీకరణములు గ్రాఫిక్స్ కార్డునకు మిక్కిలి అనువైనవి; పొలమును గళ్ళుగా విభజించి ప్రతి గడియందును ఒకే లెక్కను చేయుటయే గదా! ఆక్స్‌ఫర్డువారు 2003లో ప్రారంభించిన శీతోష్ణ పరిశోధనయందు, సామాన్య ప్రాసెసర్లతోనే, ఇట్లు వేలకొలది వేరువేరు భవిష్యత్తులను గృహస్థులచే లెక్కింపించిరి. మార్గము పరీక్షింపబడినదే.

అట్టి వేలలెక్కల ఫలితములను ఒక పటముల సంపుటిగా కూర్చి, పంచాయతీలకును నగరపాలకులకును ముందుగా ఈయవచ్చును. వాన కురిసిననాడు అందలి తగిన పటమును తెరచి చూచుట నిమిషముల పని. ఇందులకు కావలసినవి మూడు. మొదటిది భూమి ఎత్తుపల్లముల సూక్ష్మమైన కొలతలు. వీనిని ప్రభుత్వము ప్రజలకు తెరచి ఈయవలెను. రెండవది కట్టలు, లాకులు, కాలువలు, మురుగుదారుల నిజమైన వివరములు; వీనిని జలవనరులశాఖయు, కాలువగట్టున జీవించు రైతులును తెలుపవలెను. మూడవది పనిని పంచు సర్వరును, లెక్కను సరిచూచు పండితులును. ఈ భారమును మన డెల్టాలోని కళాశాలలు వహింపవలెను. బాయింక్ సాఫ్ట్‌వేరు ఉచితమని ముందే చెప్పితిమి. ఒకే తునకను ఇద్దరికి పంపి ఫలితములు సరిపోలినపుడే గ్రహించు ఏర్పాటు అందు కలదు. కావున కార్డు తప్పినను, మనిషి మోసగించినను కూటమి చెడదు. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్‌నెట్ వంటి తీగలు పల్లెలవరకు చేరిన దేశమున, తునకలను పంపుటకును తెచ్చుటకును కొరత లేదు.

ఏటేట మన ఇంజనీరింగు విద్యార్థులు పట్టాకొరకు వ్రాయు ప్రాజెక్టులు అంగడిలో కొని తెచ్చినవని నిందింపబడుచున్నవి. తమ ఊరిని ముంచిన వరదను లెక్కించు పనికంటె వారికి తగిన ప్రాజెక్టు మరేది? ఒక కళాశాల ఒక కాలువను తీసికొనవచ్చును. బందరు కాలువ నొకరు, ఏలూరు కాలువ నొకరు, బుడమేరు నొకరు పంచుకొనవచ్చును. అధ్యాపకులు నడుము కట్టినచో ఒక్క విద్యాసంవత్సరములో ఆరంభము కాగలదు. అంతవరకు మన కార్డులు ప్రోటీనులను, పల్సరులను లెక్కించుచు ఈ విద్యను అభ్యసించుగాక.

1850 దశకమున బెజవాడవద్ద ఆనకట్ట కట్టకముందును కృష్ణలో నీరు కొదువలేదు. ఆ నీరు సముద్రమునకు పోవుచుండెను. గట్టునే పొలములు ఎండుచుండెను. ఆనకట్ట క్రొత్త నీటిని సృష్టింపలేదు. పోవుచున్న నీటిని నిలిపి, కాలువలకు పంచెను. నేడు మన ఇండ్లలోని గణనశక్తి ఆనాటి కృష్ణవలె పారిపోవుచున్నది. దానికి కట్టవలసిన కట్ట రాతితోను సున్నముతోను కట్టునది కాదు. నలుగురు అధ్యాపకులు, నలుబదిమంది విద్యార్థులు, నాలుగువందల గృహస్థులు చాలుదురు. ఈ శీతకాలమునకే డెల్టాలోని ఏదో యొక కళాశాల ముందునకు వచ్చి మొదటి రాయి వేయవలెను.